ఫిజీ దీవులలో భూమియు, నిత్యజీవనమును

ద్వీపమనగా నలువైపుల నీటిచే చుట్టబడిన భూభాగమని మనము క్రింది తరగతులలోనే నేర్చుకొంటిమి. ఈ నిర్వచనము సరియైనదే. కాని ద్వీపవాసికి దానిలో మరియొక అర్థము కూడ కలదు. నలువైపుల నీరుండుటచే అతని భూమి పెరుగుటకు వీలులేదు. మైదానదేశమున ఒక తాలూకాలో పొలము దొరకనివాడు మరియొక తాలూకాకు తరలిపోవచ్చును. దీవిలో అట్లు తరలిపోవువానికి కొంతదూరమునకే సముద్రము ఎదురగును. కావున అచ్చట భూమి ఎవరిది, దానిని దున్నువారెవరు, ఎన్ని యేండ్లు దున్నవచ్చును అను ప్రశ్నలు కచ్చేరీలతో ఆగిపోవు. అవి ఇంటి కప్పును, పెరటి చెట్టును, బిడ్డల చదువును కూడ తాకును.

ఈ సంగతిని తెలిసికొనుటకు పసిఫిక్ మహాసముద్రమునందలి ఫిజీ దీవులను దృష్టాంతముగ తీసికొందము. ఇందుకు రెండు కారణములు కలవు. భూమి విషయమున ఆ దేశపు కట్టుబాటు లోకమున అరుదైనది. ఆ కట్టుబాటు క్రింద బ్రదికినవారిలో మన తెలుగువారును ఉన్నారు. విద్యార్థులు ప్రక్కన పటము నుంచుకొని ఈ పాఠమును చదివినచో ఎక్కువ ప్రయోజనము కలుగును.

ఉనికి, శీతోష్ణస్థితి

ఫిజీ దేశమున 300కు పైగా దీవులు కలవు. వానిలో మూడవ వంతు దీవులయందు మాత్రమే జనులు నివసింతురు. దేశపు నేల మొత్తము సుమారు 18,300 చదరపు కిలోమీటర్లు. ఇందులో వీతి లేవు అను పెద్దదీవియే సగమునకు మించి యున్నది. రెండవది వనువా లేవు. 2017 జనాభా లెక్కలలో దేశజనసంఖ్య 8,84,887. విశాఖపట్టణము భూమధ్యరేఖకు ఉత్తరముగ ఎంత దూరమున నున్నదో, వీతి లేవు దక్షిణముగ ఇంచుమించు అంత దూరముననే యున్నది. కావున మన ఋతువులు అచ్చట తలక్రిందులు. మనకు చలికాలమైన డిసెంబరు, జనవరి నెలలు వారికి ఉక్కపోతయు వానయు గల కాలము; తుపానులు సాధారణముగ నవంబరు మొదలు ఏప్రిలు వరకు వచ్చును.

ఆగ్నేయమునుండి వీచు గాలులు పెద్దదీవి నడుమనున్న కొండలకు తగిలి తూర్పుభాగమున మిక్కిలి వర్షించును. రాజధానియగు సువ పట్టణమున ఏటికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురియును. కొండల ఆవలిప్రక్క పడమటి తీరముననున్న నాందీ పట్టణము చుట్టుపట్ల వాన అంతకంటె చాల తక్కువ, ఎండ ఎక్కువ. చెరకునకు ఈ ఎండయే కావలయును. అందుచే చెరకుతోటలు పడమటి తీరమునను, వనువా లేవు ఉత్తరభాగమునను పెరిగినవి. మనవారు ఎక్కువగ స్థిరపడినదియు ఆ భాగములలోనే.

అమ్మకమునుండి తప్పిన భూమి

పందొమ్మిదవ శతాబ్దపు నడిభాగమున ఐరోపా జాతులవారు వ్యాపారమునకై ఈ దీవులకు వచ్చిరి. 1861 మొదలు 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధము జరిగినప్పుడు ప్రత్తి ధర పెరిగెను. ప్రత్తి పండింపవలెనని పలువురు తెల్లవారు ఫిజీలో భూములు సంపాదించిరి. తుపాకులు, సారాయి, బట్టలు మొదలగునవి ఇచ్చి గ్రామనాయకులచేత కాగితములపై గురుతులు వేయించుకొనిరి. నాయకుడు తన కులమువారి భూమిని ఎన్నటికిని అమ్మివేయు అధికారము కలవాడా, ఆ కాగితమునకు అతడు గ్రహించిన అర్థమేమి అని విచారించినవారు అరుదు.

1874 అక్టోబరు 10వ తేదీన థాకొంబౌ అను నాయకుడును, తక్కిన పెద్ద నాయకులును లెవూక పట్టణమున ఒప్పందముపై సంతకము చేసి దేశమును బ్రిటిషు రాణికి అప్పగించిరి. మరుసటి యేడు పొంగు వ్యాధి వ్యాపించి సుమారు 40,000 మంది ఫిజీయులను పొట్టనపెట్టుకొనెను. అట్టి దుఃఖకాలమున సర్ ఆర్థర్ గార్డన్ అను నతడు గవర్నరుగ వచ్చెను. ఫిజీయులు భూమిని కోల్పోయినచో జాతిగ నిలువజాలరని అతడు తలంచెను. తెల్లవారి భూహక్కులను విచారణ సంఘము పరిశీలించి, న్యాయముగ కొన్నవని తేలిన సుమారు 4 లక్షల ఎకరములను మాత్రమే వారికి స్థిరపరచెను. తక్కిన భూమి ఫిజీయుల కులములదనియు, దానిని అన్యులకు అమ్మగూడదనియు శాసనమయ్యెను.

ఈ నిషేధము ఒకసారి సడలెను. 1905 మొదలు కొలది సంవత్సరములు అమ్మకమునకు అనుమతి కలుగగా సుమారు లక్ష ఎకరములు చేతులు మారినవి. అప్పటికి ఇంగ్లండులో వృద్ధుడై యున్న గార్డను ప్రభువుల సభలో దీనిని గట్టిగ ఎదిరించెను. అమ్మకములు మరల నిలిచిపోయినవి.

ఇట్టి నిషేధము లేనిచోట ఏమి జరుగునో తెలిసికొనుటకు ఉత్తర పసిఫిక్‌లోని హవాయి దీవులను చూడవచ్చును. అచ్చట 1848లో భూమి నంతయు రాజునకు, నాయకులకు, ప్రభుత్వమునకు పంచిరి. 1850లో విదేశీయులును భూమి కొనవచ్చునని శాసనము చేసిరి. అదే యేటి మరియొక శాసనము వలన సామాన్య హవాయి ప్రజలకు దక్కినది మొత్తము భూమిలో నూటికి ఒక వంతుకంటెను తక్కువ. కొనుటకు ధనముగలవారు కొనిరి. తరములనుండి ఆ నేలపై చేమదుంపలు పండించినవారు కూలివారైరి. ఫిజీ వారికి ఈ గతి పట్టలేదు.

తెలుగువారి రాక

ఫిజీయుల భూమిని కాపాడిన చట్టమును, మనవారిని అచ్చటికి చేర్చిన యోడయు ఒకే విధానము నుండి పుట్టినవి. చెరకుతోటలకు కూలీలు కావలసి వచ్చిరి. ఫిజీయులను పల్లెలనుండి వెడలదీసి తోటలలో పెట్టుట గార్డనునకు సమ్మతము కాలేదు. అతడు పూర్వము ట్రినిడాడ్, మారిషస్ దీవులలో గవర్నరుగ నుండి, హిందూదేశపు కూలీలచే తోటలు నడచుటను చూచినవాడు. అదే పద్ధతిని ఫిజీలో నెలకొల్పెను. 1879 మే 14వ తేదీన లియోనిడాస్ అను ఓడ కలకత్తానుండి మొదటి కూలీలను లెవూక రేవునకు చేర్చెను. 1916 వరకు 60,000కు పైబడినవారు ఇట్లు వచ్చిరి.

1903 నుండి మదరాసు రేవుగుండ కూడ కూలీలను పంపిరి. మొత్తముమీద సుమారు నాలుగవ వంతు దక్షిణదేశమువారు. విశాఖపట్టణము, గోదావరి, కృష్ణ, ఉత్తర ఆర్కాటు జిల్లాలనుండి వెళ్లినవారు అందు గలరు. అయిదేండ్లు పనిచేయుదునని వ్రాసి యిచ్చిన ఆంగ్లపు ‘అగ్రిమెంటు’ అను మాట వారి నోట ‘గిర్మిట్’ అయ్యెను. అట్లు వెళ్లినవారికి గిర్మిటియాలని పేరు. తోటలలో వారి నివాసము ‘లైను’ అనబడు పొడవైన కొట్టములలో. ఒక కుటుంబమునకో, ముగ్గురు ఒంటరి మగవారికో ఒక చిన్న గది. స్త్రీపురుషులు అచ్చట పడిన పాట్లను దీనబంధు ఆండ్రూసు 1915లో స్వయముగ వెళ్లి చూచి, మన దేశమున ప్రకటించెను. 1916లో కొత్తవారిని పంపుట నిలిచెను. 1920 జనవరి 1వ తేదీనుండి మిగిలిన ఒప్పందములన్నియు రద్దయ్యెను.

గిర్మిట్ తీరినవారు స్వతంత్రులైరి. కొందరు తిరిగివచ్చిరి, అధికసంఖ్యాకులు అచ్చటనే నిలిచిరి. నిలిచినవారికి మొదట కావలసినది నేల. అమ్మకమునకు నేల మిక్కిలి తక్కువ. కావున వారు కౌలుదారులైరి. చక్కెర కంపెనీ తన పెద్దతోటలను సుమారు పదేసి ఎకరముల ముక్కలుగ చేసి కౌలుకిచ్చెను. ఫిజీయుల కులములనుండి కౌలు తీసికొన్నవారు మరికొందరు. కొడవలి పట్టిన చేయి మారలేదు గాని, ఆ చేయి ఇప్పుడు తన కుటుంబమునకై పనిచేసెను.

మూడు విధముల భూమి

ఫిజీ దేశపు భూమి నేడు మూడు విధములుగ నున్నది.

మొదటిది కులభూమి. ఇది మొత్తములో నూటికి సుమారు 87 వంతులు. దీనికి యజమాని ఒక మనుష్యుడు కాడు. మతాంగలి అను కుటుంబసమూహము. అందు పుట్టిన ప్రతి బిడ్డ పేరును ప్రభుత్వపు పట్టికలోనికి ఎక్కించుకొందురు. ఈ భూమిని అమ్ముటకు వీలులేదు. కౌలునకు మాత్రము ఇయ్యవచ్చును.

రెండవది ఫ్రీహోల్డు భూమి. ఇది నూటికి సుమారు 8 వంతులు. మన పట్టాభూమివలె కొనవచ్చును, అమ్మవచ్చును. 1874కు ముందు తెల్లవారు కొన్న భూములే దీనిలో ముఖ్యభాగము.

మూడవది ప్రభుత్వభూమి. ఇది నూటికి సుమారు 4 వంతులు.

కులభూమిని కౌలునకిచ్చు పని పూర్వము ఎవరికి తోచినట్లు వారు చేసికొనెడివారు. రాతూ లాలా సుకూన అను ఫిజీ నాయకుడు ఊరూర తిరిగి, మీకు అవసరమైన భూమిని ఉంచుకొని తక్కినదానిని అందరి మేలునకై ఒక ధర్మకర్తల సంఘముచేత పెట్టుడని నాయకులకు బోధించెను. 1936లో నాయకుల మహాసభ దీనికి అంగీకరించెను. 1940లో చట్టమయ్యెను. అప్పటినుండి కులభూమి కౌలులు చాలవరకు ఆ సంఘము ద్వారమున జరుగుచున్నవి. కౌలు సొమ్ములో పెద్ద నాయకులకు పూర్వము హెచ్చు వాటా వచ్చెడిది. 2011 మొదలుకొని మతాంగలిలోని వారికందరికి సమానముగ పంచుట ఏర్పాటయ్యెను.

సేద్యపు కౌలునకు 1976 నాటి చట్టము 30 సంవత్సరముల గడువును నిర్ణయించెను. శిస్తు ఆ నేల యొక్క ఖాళీ విలువలో నూటికి 6 వంతులకు మించరాదు. ఇంటి స్థలములకు, హోటళ్లకు మాత్రము 99 సంవత్సరముల కౌలు కూడ కలదు. ఈ 30, 99 అను రెండంకెలను విద్యార్థులు గురుతుంచుకొనవలెను. ఒకటి సేద్యగాని పనికాలముకంటె పొట్టిది. రెండవది ఏ మనుష్యుని ఆయువుకంటెనైనను ఇంచుమించు పొడవైనది.

పల్లెలో బ్రదుకు

ఫిజీయుల పల్లెను ‘కోరో’ అందురు. ఇండ్లు దగ్గరదగ్గరగ, నడుమ పచ్చికబయలుతో నుండును. పూర్వము గడ్డితోను, తాటాకువంటి ఆకులతోను కప్పిన ‘బురే’ ఇండ్లు ఉండెడివి. నేడు పలకలు, రేకులు, సిమెంటు ఇటుకలు ఎక్కువగ వాడుకలో నున్నవి. చాలపల్లెలలో ప్రధానమైన కట్టడము మెథడిస్టు దేవాలయము. ఆదివారము పనులు నిలుచును. పల్లెలో అడుగుపెట్టు క్రొత్తవాడు టోపీ తీసి, ‘యాంగోన’ వేళ్లకట్టను నాయకునికి సమర్పించి, వచ్చిన పని విన్నవించుకొనవలెను. ఈ యాంగోన మన తమలపాకు, మిరియముల జాతికి చెందిన మొక్క. దాని వేళ్లను దంచి నీటిలో కలిపి, కొబ్బరిచిప్పతో అందరును వరుసగ త్రాగుదురు.

వారి ముఖ్యాహారము ‘దాలో’, అనగా మన చేమదుంప. కర్రపెండలము, పెండలము, సీమపనస, కొబ్బరిపాలు, చేపలు తక్కినవి. పండుగనాడు నేలలో గుంటత్రవ్వి, రాళ్లను కాల్చి, దుంపలను మాంసమును ఆకులలో చుట్టి పూడ్చి ఉడికింతురు. స్త్రీలు మొగలిజాతి ఆకులతో చాపలల్లుదురు. పెండ్లికి, చావునకు ఆ చాపలే కట్నములు. ఒడ్డునగల చేపలపట్టు కూడ ఏ కులమునకు ఎంతవరకో నిర్ణయమై యున్నది.

‘వనువా’ అను వారి మాటకు నేల అని అర్థము. కాని ఆ మాటలోనే ఆ నేలపై బ్రదుకు జనులు, వారి ఆచారములు, గతించిన పెద్దలు కూడ ఇమిడియున్నారు. కావున నీ భూమి ధర ఎంత అని ఫిజీ పల్లెవాని నడుగుట, నీ కులము ధర ఎంత అని యడిగినట్లే యగును. భూమి అమ్మకము లేనందున పల్లెలో ధనవంతులు తక్కువ. తలదాచుకొన చోటులేనివాడును తక్కువ. పట్టణమున పని పోయినవాడు పల్లెకు తిరిగివచ్చి తన కులమువారి దుంపతోటలో పాలుగొనవచ్చును. బ్యాంకిలో తాకట్టుపెట్టి అప్పుతెచ్చుటకు మాత్రము ఆ భూమి పనికిరాదు. మేలును కీడును ఒకే మూలమునుండి వచ్చుట ఇచ్చట స్పష్టముగ కనుపించును.

చెరకుపొలములో బ్రదుకు

కౌలుదారుని యిల్లు వేరువిధము. అతనికి ఊరు లేదు. అతని పొలమే అతని ఊరు. చెరకు నడుమ, బాటప్రక్కన, రేకుల యిల్లొకటి; దాని చుట్టు మామిడి, మునగ, కరివేపాకు, వంగ, మిరప. పొరుగిల్లు కేకవేసిన వినబడునంత దూరమున నుండును. జూను నెలలో చక్కెర మిల్లులు గానుగ మొదలుపెట్టగానే, ఇరుగుపొరుగు రైతులు ముఠాగ చేరి ఒకరి తరువాత ఒకరి పొలమును నరుకుదురు. చెరకు లారీలపైనను, చిన్న రైలుపెట్టెలలోను మిల్లునకు పోవును. నవంబరు, డిసెంబరు వరకు ఇదే సందడి. తెల్లవారకముందే ఇంటి యిల్లాలు రొట్టెలు కాల్చి, కూరతో మూటకట్టి నరుకువారికి పంపును.

పట్టణపు సంతలలో కూరగాయలను తూకమున గాక కుప్పలుగ అమ్ముదురు. కుప్పకింత అని వెల. ఆ సంతలో ఫిజీ స్త్రీ చేమదుంపలతోను, హిందూ స్త్రీ వంకాయలతోను ప్రక్కప్రక్కన కూర్చుందురు. ఒకరి మాటలు మరియొకరికి వచ్చును. గోడలకు అద్దములులేని బస్సులు ఇరువుర బిడ్డలను బడికి చేర్చును.

మనవారి మాట మాత్రము నిలువలేదు. లైనులలో పలుప్రాంతములవారు కలిసి బ్రదుకుటచే ఒకవిధమైన హిందీ అందరి భాష అయ్యెను. 1926లో దక్షిణదేశీయులు సంగమమును స్థాపించి బడులు పెట్టిరి. 1941లో తెలుగువారు వేరుగ ఆంధ్రసంఘమును నెలకొల్పిరి. అయినను నేడు రెడ్డి, నాయుడు అను పేర్లు ఉన్నవిగాని, ఇంటిలో తెలుగు మాటలాడువారు మిక్కిలి అరుదు.

గడువు ముగిసినప్పుడు

1976 చట్టము క్రింద వ్రాసిన కౌలులు 1997 మొదలుకొని ముగియసాగినవి. కొందరికి మరల కౌలు దొరకెను. పలువురకు దొరకలేదు. తమ జనము పెరిగినది గనుక తమ భూమిని తామే దున్నుకొందుమని కొన్ని మతాంగలులు కోరినవి. అది వారి హక్కు. కాని తాతనాటినుండి ఆ నేలను చదునుచేసి, నీరు పారించి, ఇల్లు కట్టుకొన్న కుటుంబము గడువుదినమున ఏమి తీసికొనిపోగలదు? రేకులు ఊడదీసి బండిలో వేసికొనవచ్చును. మామిడిచెట్టును తీసికొనిపోజాలదు. అట్లు వెడలినవారిలో అనేకులు సువ, లౌతోక మొదలగు పట్టణముల శివార్లలో, పట్టా లేని స్థలములలో గుడిసెలు వేసికొనిరి.

గడువు అనునది ముగిసిననాడే బాధించునది కాదు; అది దూరమున నుండగనే ఇంటిలోనికి వచ్చి కూర్చుండును. ఇంకను అయిదేండ్లే మిగిలియున్న నేలపై ఎవడు సిమెంటు గోడ లేపును? ఎవడు కొబ్బరిమొక్క నాటును? నేలకు ఎరువువేయుట కూడ తగ్గించును. భూమియు చిక్కును, రైతును చిక్కును. కడకు యజమానికి తిరిగివచ్చునది చిక్కిన భూమియే.

దీనికి రాజకీయపు కలతలును తోడైనవి. 1946 లెక్కలనాటికి హిందూసంతతివారి సంఖ్య ఫిజీయుల సంఖ్యను మించెను. సంఖ్య పోయినది, భూమియు పోవునేమో అను భయము ఫిజీయులలో కలిగెను. 1970లో స్వాతంత్ర్యము వచ్చినను భయము తీరలేదు. 1987లోను, 2000లోను జరిగిన తిరుగుబాటులకు ఆ భయమును కారణముగ చూపిరి. అటుపిమ్మట వేలకొలది హిందూసంతతివారు ఆస్ట్రేలియా, న్యూజీలాండు, కెనడా దేశములకు తరలిరి. 2007 లెక్కలలో నూటికి సుమారు 57 మంది ఫిజీయులు, 37 మంది హిందూసంతతివారు.

మొదటి యోడ వచ్చిన మే 14వ తేదీని ఫిజీ ప్రభుత్వము 2023లో గిర్మిట్ దినమను సెలవుదినముగ పాటించెను. ఆనాడు మెథడిస్టు సంఘమువారు జరిపిన సమాధాన ఆరాధనలో, 1987 తిరుగుబాటును నడిపిన రంబూక, అప్పుడు ప్రధానమంత్రిగ నుండి, బహిరంగముగ క్షమాపణ కోరెను. ఒక క్షమాపణచే కౌలు పెరుగదు. కాని ఇరువురును ఒకే బల్ల యొద్ద కూర్చుండి గడువునుగూర్చి మాటలాడుటకు అట్టి మాట మొదట అవసరము.

ఒడ్డుభూముల అమ్మకము, పొంగుచున్న సముద్రము

ఈ కాలమున ఫిజీలో అత్యధికపు వెల పలుకునది చెరకుపొలము కాదు, సముద్రపుటొడ్డు. నాందీ సమీపమున దెనరౌ అను మడచెట్ల చిత్తడినేలను పూడ్చి, హోటళ్లు, గొప్పయిండ్లు కట్టిరి. అది ఫ్రీహోల్డు భూమి యగుటచే విదేశపు ధనవంతులు అచ్చట ఇండ్లు కొనిరి. ధరలు పెరిగి స్థానికులకు ఇంటిస్థలము దొరకుట కష్టమగునని, 2014లో ప్రభుత్వము పట్టణసరిహద్దులలోని ఫ్రీహోల్డు నివాసస్థలములను విదేశీయులు కొనుటపై కొన్ని మినహాయింపులతో నిషేధము విధించెను. 1874 నాటి ప్రశ్నయే క్రొత్తబట్టలు కట్టుకొని మరల వచ్చినదని మనము గ్రహింపవచ్చును.

అదే 2014వ సంవత్సరమున మరి రెండు సంగతులు జరిగినవి. వనువా లేవులోని వునిండొంగొలోవా అను పల్లెలోనికి సముద్రపునీరు మాటిమాటికి వచ్చుచుండగా, ఊరంతయు సుమారు 2 కిలోమీటర్లు లోపలికి తరలెను. తరలుటకు వారికి చోటెట్లు దొరకినది? లోపలి కొండనేలయు వారి కులముదే. అమ్మగూడని భూమి ఆపదవేళ వారికి అక్కరకు వచ్చెను. రెండవది, కిరిబాటి అను వేరొక దేశము తన పల్లపుదీవులు ముందునకు మునుగునేమో యని వెరచి, వనువా లేవులో 5,000 ఎకరములకు పైగా ఫ్రీహోల్డు భూమిని కొనెను. ఒక దేశము మరియొక దేశమున రైతువలె భూమి కొనవలసివచ్చుట ఎంత గంభీరమైన సంగతియో విద్యార్థులే ఆలోచింపవలెను.

మనము గ్రహింపవలసినది

ఈ చరిత్రను చదివి, ఫిజీయులు కఠినులనిగాని, మనవారు పరాయిభూమికి ఆశపడిరనిగాని తీర్పు చెప్పుట సులభము. రెండును తప్పే. అమ్మకమును ఆపిన చట్టము లేనిచో ఫిజీయులు హవాయి ప్రజలవలె తమ దేశముననే కౌలుదారులై యుందురు. గిర్మిటియాల చెమట లేనిచో ఆ దేశపు మిల్లులు, రేవులు, బడులు చాలవరకు ఉండెడివి కావు. ఒకరిది పుట్టుకవలన వచ్చిన హక్కు. మరియొకరిది కష్టమువలన వచ్చిన హక్కు. మొదటి హక్కునకు చట్టము పుస్తకమునందు చోటిచ్చి, రెండవదానికి గడువు మాత్రమే యిచ్చినది. చిక్కంతయు అచ్చటనే యున్నది.

భూమిని అమ్మకుండనే కౌలుదారునికి నిలుకడ కలిగింపవచ్చును. ఇంటిస్థలమునకును హోటలునకును 99 ఏండ్లు ఇయ్యగలిగినప్పుడు, అన్నము పెట్టు పొలమునకు అంతకంటె చాల తక్కువ ఏల? గడువు ముగియుటకు చాలముందే ఇరువురును కూర్చుండి మాటలాడుకొనుట, నేలకు చేసిన మేలును వెలకట్టి ముట్టజెప్పుట, శిస్తు యజమానికి న్యాయముగ పెరుగుట, ఇవి అసాధ్యములు కావు. చట్టమున చోటుండిన చాలదు. పొరుగువాని బిడ్డ రేపు ఎచ్చట నిద్రించునో తలంచు మనస్సును ఉండవలెను.

ఏ దేశపు భూగోళమును చదివినను, పటముపై దీవి రంగును, రేవు పేరును కంఠస్థము చేయుటతో తృప్తిచెందక, ఈ రెండు ప్రశ్నలు వేసికొనుడు: ఈ నేల ఎవరిది? ఈ నేలవలన ఎవరు బ్రదుకుచున్నారు? రెండింటికిని ఒకే జవాబు వచ్చుచోట శాంతి సులభము. వేరువేరు జవాబులు వచ్చుచోట మనుష్యుల వివేకమునకు పరీక్ష.

అభ్యాసము

1. వీతి లేవు తూర్పుభాగమున వాన ఎక్కువగను, పడమటిభాగమున తక్కువగను కురియుటకు కారణమేమి? చెరకు ఏ భాగమున పండును?

2. కులభూమికిని, ఫ్రీహోల్డు భూమికిని గల భేదములను మీ ఇంటి పెద్దలకు వివరించి, మన ప్రాంతపు కౌలుపద్ధతిని వారివలన తెలిసికొనుడు.

3. ఒక కౌలుదారునికి 30 ఏండ్ల గడువున్నది. 1వ యేట, 15వ యేట, 27వ యేట అతడు పెరటిలో ఏమి నాటును? కారణములతో వ్రాయుడు.

4. వునిండొంగొలోవా పల్లెవారికి లోపలి భూమి తమది కాకయున్నచో ఏమి జరిగియుండును?